అదే జ్వరం, అదే మంత్రం

షాలిమార్, హౌరా
దసరా వెళ్ళాక

శేషూ,

నువ్వు ఫోనెత్తడం మానేశావు. ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోతోంది. ఒక్కసారి మాత్రం ఎత్తినట్టే ఉంది గానీ ఎవరూ పలకలేదు, ఏదో గాలి హోరు వినబడింది. లైను బాగోలేదనుకుని పెట్టేశాను. చివరికి మీ జయంత్ మెసేజి పెట్టాడు, "నాన్నగారికి ఫోన్లు వద్దట మావయ్యా, ఏదైనా ఉంటే ఉత్తరం రాయమన్నారు" అని. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని ఒళ్ళు మండింది. తరవాత, నోటితో చెప్పలేని సంగతే కదా, రాస్తే పోయిందనుకున్నాను.

ప్రసూన పోయింది.

పోయిందని జయంత్ చెప్పే ఉంటాడు. ఎలా పోయిందో వాడికి తెలియదు. విను.

భాద్రపదంలో ఇక్కడ ఇంటింటా డెంగీ. భవానీపూర్‌లో భానుమూర్తిగారని బ్యాంకు ఆఫీసరున్నారు. మన వైపు నుంచి బదిలీ మీద వచ్చినవారే. ఆయన భార్య ఉదయశ్రీకి జ్వరం ముదిరి ఐసీయూలో పెట్టారు. ఇంట్లో మృత్యుంజయ హోమం చేయించాలి, రమ్మని ఆయన కబురు పంపారు. ఆ పొద్దున ప్రసూనకీ ఒళ్ళు వెచ్చగానే ఉంది. వెళ్ళనా వద్దా అని గుమ్మంలో నిలబడ్డాను. "అక్కడావిడ చావుబతుకుల్లో ఉంటే నా ఒళ్ళునొప్పులు చూసుకుంటూ కూర్చుంటారేటి? వెళ్ళి రండి" అని దర్భల సంచీ చేతికిచ్చింది.

వెళ్ళాను. సాయంత్రం దాకా హోమగుండం ముందు కూర్చున్నాను. ఒరే, ఇన్నేళ్ళలో అంత మనసు పెట్టి ఎప్పుడూ జపం చెయ్యలేదు. ముఖం కూడా సరిగా గుర్తులేని ఆ అమ్మాయి కోసం, కన్నకూతురు కోసం అడిగినట్టు అడిగాను.

తిరిగొచ్చేసరికి ప్రసూనకి తెలివి సరిగా లేదు. ఇంద్రజ ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి తల్లి అరికాళ్ళు రుద్దుతోంది. ఇద్దరం కలిసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. లోపల చోటు లేక వరండాలో మంచం వేశారు. పక్కనే కూర్చుని అదే జపం చేశాను. ఆ వారం దాటలేదు. ఆ వారంలోనే ఉదయశ్రీ లేచి కూర్చుని సగ్గుబియ్యం జావ తాగిందట.

అదే దోమ, అదే జ్వరం, అదే మంత్రం. అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు చెయ్యలేదు? చెప్పగలవా? ఆ మంత్రం ఇక నా నోట రాదు. ఒట్టేసుకున్నాను.

పదోరోజు చేస్తున్న పొద్దునే ఇక్కడ మండపాల్లోకి దుర్గమ్మ వచ్చింది. ఢాక్ డప్పుల మోతకి నా మాట నాకే వినబడలేదు. ఊరంతా అమ్మ వచ్చిందని సంబరం. నా కూతురు తల్లి చీరలు మడతపెడుతోంది.

మైల తీరాక ఇక్కడి మన తెలుగువాళ్ళ శివుడి గుళ్ళోకి వెళ్ళాను. తలుపు తీశాను, నీళ్ళు పోశాను, విభూది పెట్టాను, దీపం వెలిగించాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, నోరు దాని పని అది చేస్తోంది. ఎదురుగా రాయి ఉంది. రాయి అని నేను ఎప్పుడూ అనుకోలేదురా. నిన్న ఇంద్రజ అడిగింది, "నాన్నా, రోజూ పొద్దున్నే నువ్వు ఎవరికి స్నానం చేయిస్తున్నావ్?" అని. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

నువ్వు రాలేదు. ఒక్క మాటైనా అనలేదు. ఎందుకో రాయి.

అనంతం

*

పార్వతీపురం
కార్తీకం రాబోతోంది

ఒరే అనంతం,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ చదివాను. ప్రసూన గురించి ఏమని రాయను? మీ పెళ్ళైన కొత్తలో మీ ఇంట్లో భోంచేస్తూ పప్పులో ఉప్పు తక్కువైందన్నానని, నా విస్తట్లో దోసెడు ఉప్పు పోసి "చాలా అన్నయ్యగారూ, ఇంకా కావాలేటి?" అని నిలబడిన మనిషి. నవ్వు ఆపుకోలేక నువ్వు పెరట్లోకి పరిగెత్తావు. అలాంటి మనిషి వరండాలో... వద్దులే.

నేను రాలేకపోయాను. గొంతు బాగోలేదు. మాట్లాడొద్దన్నారు, ప్రయాణాలు వద్దన్నారు. అంతకుమించి అడక్కు.

ఒక మాట రాస్తాను. కోపమొస్తే తెచ్చుకో. నువ్వు రాసిందంతా పూజ గురించి. పూజ నీ ఉద్యోగం. అది ఆగదు, ఆపకు. నేనడిగేది వేరు. ప్రార్థన చేసి ఎన్నాళ్ళయింది నువ్వు? మనకి పాఠశాలలో నేర్పినవన్నీ ఎప్పుడో ఎవరో అడుక్కున్న మాటలు. స్వరం తప్పకుండా అప్పజెప్పడం నేర్చుకున్నాం, దాంతోనే బతికాం. నీ కడుపులో ఉన్నది నీ మాటల్లో ఎప్పుడైనా ఆయనతో చెప్పావా?

భక్తిగా చెప్పమనడం లేదు. నీ దగ్గర ఇప్పుడు భక్తి లేదు, లేనిది ఎక్కణ్ణుంచి తెస్తావు? తిట్టు. మన వైపు ముసలివాళ్ళు వానలు పడకపోతే ఏం చేసేవారు? కొంగు బిగించి అమ్మవారి గుడి ముందు నిలబడి, ఆవిణ్ణి పేరు పెట్టి దులిపేసేవారు. వాళ్ళకి భక్తి లేదని ఎవరూ అనలేదు.

కార్తీకంలో గుడి ఖాళీగా ఉండదు. మధ్యాహ్నం జనం వెళ్ళాక తలుపు వేసుకుని కూర్చో.

అన్నపూర్ణ ఇంద్రజని అడిగినట్టు రాయమంది. ఆ పిల్లని వేళకి తినమను.

శేషయ్య

*

షాలిమార్, హౌరా
కార్తీకం

బ్రహ్మశ్రీ శేషయ్యగారికి,

తమ ఉపదేశం అందింది. ధన్యుణ్ణి.

దేవుడు తమకి దగ్గరవాడే. ఎందుకు కాడు? పాఠశాలలో తమరు గొంతెత్తితే గురువుగారు పాఠం ఆపి కళ్ళు మూసుకునేవారు. నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు బిందెలు దింపుకుని వీధిలో నిలబడిపోయేవారు. నీ పక్కన కూర్చుని అదే వేదపనస చెబుతూ నేను ఒక్కణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ గొంతు ఆయన నీకిచ్చాడు. నువ్వు పిలిస్తే పలకడం ఆయనకీ సరదాగానే ఉంటుంది. నాలుగు రోజులు గొంతు పట్టేసి మాట్లాడొద్దంటే అది నీకు పెద్ద కష్టం. దానికి నా పెళ్ళాం చావు చూడ్డానికి కూడా రాలేకపోయావు. ఇప్పుడు కూర్చుని తిట్టమని సలహాలు.

తిట్టాను. విను.

సోమవారం నాడు ఉదయశ్రీ గుడికొచ్చింది. మనిషి ఇంకా నీరసంగానే ఉంది, భర్త చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. శివుడికి వెండి నాగపడగ చేయించి తెచ్చింది. గుడి నిండా జనం. అందరి ముందూ నా కాళ్ళకి దణ్ణం పెట్టి, "మీ మంత్రమే నన్ను బతికించింది పంతులుగారూ" అంది.

నేనన్నాను, "అమ్మా, ఆ మంత్రానికే బలముంటే మా ఆవిడ కాటికెందుకు వెళ్తుంది? మీరు బతికితే మందులతో బతికుండాలి. లేదంటే మా ఆవిడ ఆయుష్షుతో. రెండిట్లో మీకు ఏది నచ్చితే అది అనుకోండి."

ఆవిడ మొహంలో నెత్తురు లేదు. పడగ మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. భానుమూర్తిగారు వెనక్కి తిరిగి నన్ను ఒక చూపు చూశారు. జనం తీర్థం కూడా తీసుకోకుండా చెప్పులు వేసుకున్నారు.

నాకు బాధ కలగలేదు. పైగా కొంచెం హాయిగా ఉంది. అందుకే నీకు రాస్తున్నాను. నువ్వు చెప్పిన ప్రార్థన ఇదేనా?

అనంతకృష్ణ

*

పార్వతీపురం

అనంతం,

నాకు గొంతు లేదు.

ఇది నీకు రాయకూడదనుకున్నాను. నీ ఇంట్లో చావు జరిగింది, దాని మీద నాది కూడా ఎందుకని ఊరుకున్నాను. నువ్వే రాయించావు.

చైత్రంలో ముద్ద మింగుడు పడక విశాఖపట్నం వెళ్తే క్యాన్సరన్నారు. వేసవిలో కోసి స్వరపేటిక తీసేశారు. మెడ ముందు చిల్లు ఉంది. ఊపిరి అందులోంచే. పైన పల్చటి గుడ్డ కట్టుకుంటాను. ఇంట్లో ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అది నా పక్కనే మోగింది. ప్రసూన పోయిందని జయంత్ చెప్పిన రోజు ఉండబట్టలేక ఎత్తాను. నువ్వు "శేషూ, శేషూ" అంటున్నావు. నేను అరిచానురా. నువ్వు విన్న గాలి హోరు అదే. నువ్వు పెట్టేశాక కూడా చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు స్నానం చేసి పీట మీద కూర్చుని అలవాటుగా నోరు తెరిచాను. మెడ మీద గుడ్డ కదిలింది. అంతే. గంట తీసి గోడకేసి కొట్టాను. అన్నపూర్ణ గంటని తీసి సర్ది పెట్టింది. తరవాత చాన్నాళ్ళు ఆ గది వైపు చూడలేదు. ఒకనాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెళ్ళి కూర్చుని తిట్టాను. మనసులోనే. చిన్నప్పుడు బళ్ళు తోలేవాళ్ళ దగ్గర నేర్చుకున్న మాటలు ఒక్కటి మిగల్చకుండా వాడాను. జవాబు రాలేదు. ఏ వెలుగూ కనబడలేదు. కానీ ఆ పూట ఆకలేసింది. అన్నపూర్ణని చెయ్యి ఊపి పిలిచి, ఇంకొంచెం జావ పొయ్యమని పలక మీద రాశాను. ఆవిడ పలక పట్టుకుని ఏడ్చింది. నాకు తెలిసింది ఇంతే. ఇంతకన్నా తెలిసినట్టు రాస్తే నన్ను నమ్మకు.

జాలి పడుతూ ఉత్తరం రాశావో, చింపేస్తాను.

ఇక ఆ అమ్మాయి సంగతి. బతికినందుకు ఆవిడ చేత తప్పు ఒప్పిస్తావా? మీ ఇంటికి చావుని ఆవిడ పంపించిందా? నేను ఆయన్ని తిట్టమంటే నువ్వు వెళ్ళి, లేవలేక లేచొచ్చిన ఆడమనిషిని తిట్టావు. ఆయన తట్టుకుంటాడురా. ఆవిడ తట్టుకోలేదు. వెళ్ళి మాట్లాడు. వెళ్ళకపోతే నాకు రాయకు.

శేషయ్య

*

షాలిమార్, హౌరా
మార్గశిరం

శేషూ,

జాలి పడలేదు. చింపకు.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. మహానైవేద్యం అయిపోయింది, గుళ్ళో ఎవరూ లేరు. అక్కడే నిలబడి చదివాను. చదివి, తలుపు లోపల గడియ పెట్టాను.

మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది. "నీ పెళ్ళాన్ని నీ ఒంట్లో సగం చేసి దాచుకున్నావు, నా పెళ్ళాన్ని వరండాలో పడేశావు" అన్నాను. "లోకాల్ని కాల్చే విషం మింగి అరిగించుకున్నావు, ఒక్క దోమ విషం తియ్యడం నీ చేత కాలేదా?" అన్నాను. "నీ గొంతు నల్లబడిందని శేషు గొంతు మీద కడుపుమంటా నీకు?" అన్నాను. ఆ పైన అన్నవి రాయలేను. ఇన్నేళ్ళు స్వరం తప్పకుండా పలికిన నోరు, ఏం పలుకుతోందో నాకే తెలియలేదు. పానవట్టం పట్టుకుని ఊపేశాననుకుంటా, అరచెయ్యి చీరుకుంది.

బయటి నుంచి ఎవరో తలుపు దబదబా బాదారు. పూలమ్మే సింహాచలమ్మ.

"పంతులుగోరూ! ఎవులితోటండీ ఆ దెబ్బలాట? లోపలెవులున్నారు?"

ఎవరూ లేరమ్మా అనబోయాను. ఆ మాట రాలేదురా. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "ఉన్నాడులే, నువ్వెళ్ళు" అన్నాను.

వెనక్కి తిరిగి చూశాను. అదే రాయి. పొద్దుటి విభూది సగం రాలి ఉంది. ఏమీ మారలేదు. ఆ మాట ఎందుకన్నానో తెలియక అక్కడే కూలబడ్డాను. ప్రసూన పోయినప్పుడు ఏడవలేదు నేను. అందరూ అది వైరాగ్యమనుకున్నారు. ఆ మధ్యాహ్నం ఏడ్చాను.

తరవాత కొన్నాళ్ళకి గాని భవానీపూర్ వెళ్ళే ధైర్యం రాలేదు. భానుమూర్తిగారు తలుపు సగమే తీశారు. "ఏం పంతులుగారూ, చెప్పాల్సింది ఇంకా మిగిలిందా?" అన్నారు. లోపలి నుంచి ఆవిడే, "రానివ్వండి" అంది.

కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చుంది. "తప్పయిపోయింది తల్లీ" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మీరన్నది మీరు అనకముందే నేను అనుకున్నాను పంతులుగారూ. ఆసుపత్రిలో ఉండగానే ఈయన చెప్పారు, మీ ఇంట్లో అలా జరిగిందని. అప్పట్నుంచీ ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే గుర్తొస్తుంది. ఆ బరువు మొయ్యలేకే వెండి పడగ చేయించాను. మీకు దణ్ణం పెడితే తగ్గుతుందనుకున్నాను."

మళ్ళీ ఆవిడే అడిగింది, "ఆవిడ పేరేంటండీ?"

ఈ మాట ఈ ఊళ్ళో నన్నెవరూ అడగలేదు శేషూ. పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ పంతులుగారి భార్య. అంతే. "జ్ఞానప్రసూన" అన్నాను. పైకి అని ఎన్నాళ్ళయిందో, నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆవిడ ఆ పేరు తనలో తను అనుకుంది. "నాకు మంత్రాలు రావు. దీపం పెట్టినప్పుడు ఆ పేరు చెప్పుకోవచ్చా?" అంది.

తల ఊపాను.

మనసు కడుక్కుపోయిందని అనుకోకు. మంచినీళ్ళ గ్లాసు అందిస్తుంటే ఆవిడ చేతి గాజులు చూసి నా కడుపు మళ్ళీ మండింది. ఇంటికొచ్చే బస్సులో, వంతెన మీద, ఆ మంటతోనే కూర్చున్నాను. ఉన్నది రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నీ మెడ గాయం మానిందా? చలికాలం గుడ్డ తడవకుండా చూసుకో.

అనంతం

*

పార్వతీపురం
మాఘం

అనంతం,

మళ్ళీ వచ్చింది. ఈసారి మెడ పక్కన గడ్డ. విశాఖపట్నంలో మళ్ళీ కోస్తామంటున్నారు. పోయినసారి డాక్టరు నా కళ్ళలోకి చూసి చెప్పాడు. ఈసారి జయంత్‌ని చూసి చెప్పాడు.

వెళ్ళనని రాశాను. అన్నపూర్ణ పలక లాక్కుని, నేను రాసింది చెంగుతో తుడిచేసి, "వెళ్తున్నాం" అని రాసింది. మా ఇంట్లో ఇప్పుడు దెబ్బలాటలన్నీ ఇలా నిశ్శబ్దంగా జరుగుతున్నాయి. ఆవిడ మాట్లాడొచ్చు. నాకు తోడుగా తనూ రాస్తుంది.

ఒకటి అడుగుతాను. నాకోసం మృత్యుంజయ జపం చెయ్యి. ఫలితం ఉంటుందని అడగడం లేదు. దాని ఫలితం ఎలా ఉంటుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ మధ్య తిట్టడానికి కూడా ఓపిక ఉండటం లేదురా. కూర్చుంటాను, ఏమీ రాదు. నేను ఆగిపోయినా నా వైపు నుంచి ఎవరో ఒకరు ఆయన్ని పిలుస్తూ ఉండాలని ఉంది. నువ్వు ఒట్టేసుకున్నావని తెలిసే అడుగుతున్నాను.

చెయ్యలేకపోతే చెయ్యలేనని రాయి. చేశానని అబద్ధం మాత్రం రాయకు.

శేషు

*

షాలిమార్, హౌరా

శేషూ,

నీ ఉత్తరం చూసి ముందు నీ మీదే కోపమొచ్చింది. ఇంతమంది పురోహితులున్న దేశంలో నన్నే అడగాలా? ఇదొక్కటే వద్దనుకున్నానని తెలిసి ఇదే అడిగావు. రెండు రోజులు తప్పించుకు తిరిగాను. ఉత్తరం పంచె మొలలో దోపుకుని అభిషేకాలు చేశాను, తద్దినాలు పెట్టించాను.

మూడోనాడు సాయంత్రం కూర్చున్నాను. సంకల్పంలో నీ గోత్రం, నీ పేరు చెప్పాను. అక్కడిదాకా బాగానే ఉంది. మొదటి అక్షరం దగ్గర నోరు కట్టుకుపోయింది. ఆ పొగ, ఆ హోమగుండం, గుమ్మంలో సంచీ అందిస్తున్న ప్రసూన చెయ్యి, అన్నీ ఒక్కసారి వచ్చాయి. లేచిపోదామనుకున్నాను.

అప్పుడే ఇంద్రజ వచ్చింది. తల్లి పోయాక గుడి మెట్టెక్కలేదు అది. ఆఫీసు బ్యాగు భుజానే ఉంది. ఇంటి తాళంచెవి కోసం వచ్చిందట.

"ఎవరికోసం నాన్నా?" అంది.

"శేషయ్య మావయ్య కోసం."

"పనిచేస్తుందా?"

"తెలీదమ్మా."

"మరెందుకు?"

"వాడు అడిగాడు."

తాళంచెవి తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. చెప్పులు విప్పి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది. దానికి దణ్ణం పెట్టాలని లేదు, పెట్టలేదు. నన్ను ఒక్కణ్ణీ వదిలి వెళ్ళాలని లేనట్టుంది. నేను మొదలుపెట్టాను. నీ గొంతులా లేదు, గీరుకుపోతూ వచ్చింది. గూడ్సు బళ్ళు వెళ్తూ ఉన్నాయి, వాటి చప్పుడులో కలిసిపోతూనే పూర్తి చేశాను.

ఏ హామీ రాలేదురా. లోపల ఏదో వెలిగిందని రాస్తే నువ్వు నమ్మవు, నమ్మొద్దు కూడా. మనసు తేలిక పడలేదు. ఉదయశ్రీ ఇచ్చిన పడగ బీరువాలోనే ఉంది, దాన్ని ఆయనకి పెట్టడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. కానీ లేస్తూ, రేపు కూడా ఈ వేళకే కూర్చోవాలి అనుకున్నాను. ప్రసూన పోయాక రేపు గురించి నేను అనుకున్న మొదటి మాట అది. ఇంటికి నడుస్తుంటే ఇంద్రజ అంది, "రేపు నేను కొంచెం లేటవుతాను నాన్నా, మొదలుపెట్టెయ్" అని.

జపం రోజూ జరుగుతోంది. ఇది అబద్ధం కాదు.

గుడి వేరే పంతులుగారికి ఒప్పజెప్పాను. శనివారం ఇంద్రజా నేనూ ఇక్కడే రైలెక్కుతున్నాం. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపు మీ ఇంటికి చేరతాం. జపం ఎలాగూ ఆగదు, రైల్లో చేసుకుంటాను. అక్కడ నీ మంచం పక్కన కూర్చుని చేస్తాను, నువ్వు స్వరం తప్పు పట్టి పలక మీద రాద్దువుగాని.

వీధి తలుపు దగ్గర నిలబడి నిన్ను పేరు పెట్టి పిలుస్తాను. నువ్వు పలకలేవని తెలుసు. అయినా పిలుస్తాను. పిలిచి, జవాబు కోసం చూడకుండా తోసుకుని లోపలికి వచ్చేస్తాను. గడియ మాత్రం పెట్టుకోకు.

అనంతం